ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత పడుకుంటే వచ్చే పొడి దగ్గు: ఎవరికైనా తగ్గిందా?

మా నాన్నగారికి 63 ఏళ్లు. అమలాపురం దగ్గర పల్లె మాది. గుండె పరీక్షల్లో భాగంగా తీసిన సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పై లోబ్‌లో (పై భాగంలో) 2.2 సెంటీమీటర్ల గడ్డ అనుకోకుండా కనిపించింది. అప్పటికి దగ్గు గానీ ఆయాసం గానీ లేవు. గత నవంబరులో కీహోల్ పద్ధతిలో (చిన్న రంధ్రాల ద్వారా) ఆ లోబ్ మొత్తం తీసేశారు. అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్, మొదటి దశ. లింఫ్ గ్రంథులకు పాకలేదు, కీమో అవసరం లేదన్నారు. అంతవరకు అదృష్టమే.

పొడి దగ్గు మాత్రం ఆపరేషన్ తర్వాతే మొదలై ఐదో నెలలోనూ వదలడం లేదు. రాత్రి వెల్లకిలా పడుకున్న పది నిమిషాలకు వస్తుంది. ఎక్కువసేపు మాట్లాడినా, చేలల్లో గడ్డి తగలబెట్టిన పొగ తగిలినా వస్తుంది. కఫం, రక్తం, జ్వరం లేవు. బరువు తగ్గలేదు. ఆక్సిజన్ 96–97. ఇటీవలి సీటీలో అనుమానించదగినదేమీ లేదు.

దగ్గు తెప్పించే రకమని బీపీ మందు రామిప్రిల్ ఆపి, దాని బదులు టెల్మిసార్టన్ ఇచ్చారు. నెల దాటినా తేడా లేదు. ఆరు వారాలు కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్, తర్వాత ఇన్‌హేలర్ వాడారు. మంచానికి తలవైపు ఇటుకలు పెట్టాం, రాత్రి భోజనం ఏడింటికే ముగిస్తున్నాం. కొద్దిగా నయం, అంతే. మిరియాల కషాయం గురించి దయచేసి చెప్పకండి, ఊరంతా ఇప్పటికే చెప్పింది. సర్జన్ గారేమో దానంతటదే తగ్గుతుందంటున్నారు.

పై లోబ్ తీయించుకున్నవారిలో ఇలాంటి దగ్గు వచ్చినవారికి ఏ మందుతో లేదా ఏ శ్వాస వ్యాయామంతో, ఎన్ని నెలలకు తగ్గింది?