మూడో బిడ్డకి డబ్బిస్తే ఆంధ్రా జనాభా నిలబడుతుందా?

గోదారిగట్టు:
ముఖ్యమంత్రి చంద్రబాబు 2024 అక్టోబర్‌లో పిల్లల్ని ఎక్కువ మందిని కనమన్నారు. నవంబర్‌కల్లా, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి నిబంధనని అసెంబ్లీ ఎత్తేసింది. "మేమిద్దరం మాకిద్దరు" అని ఎర్ర త్రికోణంతో గోడగోడకీ రాయించిన సర్కారే ఇప్పుడు ముగ్గుర్ని కనమంటోంది. నేనైతే ఆలస్యమైనా మంచి పనే అంటాను. మూడో బిడ్డకి నగదు కూడా ఇవ్వాలి. కాదంటారా? ఆవేశం పక్కన పెట్టి లెక్కలతో రండి.

పట్టికరాజు:
లెక్కలంటే ముందు ఏ లెక్కో తేలాలి గట్టు గారూ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ఆంధ్రా టీఎఫ్ఆర్ (ఒక్కో ఆడమనిషి జీవితంలో సగటున కనే బిడ్డల లెక్క) 1.7 అంది. శాంపిల్ రిజిస్ట్రేషన్ వాళ్లు 2020కి 1.5 అన్నారు. రెండూ కేంద్రానివే, రెండూ తప్పు కాదు. మొదటిది ఇంటికెళ్లి, గత మూడేళ్లలో ఎంతమందిని కన్నారని ఆడవాళ్లనే అడుగుతుంది. రెండోది కొన్ని ఊళ్లు, వార్డులు ఎంచుకుని, అక్కడి టీచరో అంగన్‌వాడీ కార్యకర్తో పుట్టిన ప్రతి బిడ్డనీ ఎప్పటికప్పుడు రాసుకునే పద్ధతి. ఆరు నెలలకోసారి పైనుంచి సూపర్‌వైజర్ వచ్చి విడిగా ఇంకోసారి రాస్తాడు. రెండు చిట్టాలూ పక్కపక్కన పెట్టి, కలవని పేర్లకి మళ్లీ ఊళ్లోకి వెళ్తారు. టీవీ చర్చల్లో ఒకాయన 1.7 పట్టుకుని, ఇంకొకాయన 1.5 పట్టుకుని కొట్టుకోవడం ఇందుకే.

అసలు టీఎఫ్ఆర్ ఎలా కడతారో చూడండి. 15 నుంచి 49 దాకా ఐదేళ్లకొక గుంపు, మొత్తం ఏడు. ఒక్కో గుంపులో వెయ్యి మంది ఆడవాళ్లకి ఏడాదిలో ఎంతమంది పుట్టారో రాస్తారు. ఉదాహరణకి 15-19లో 30, 20-24లో 150, 25-29లో 90, 30-34లో 25, 35-39లో 5, ఆపైన సున్నా అనుకోండి. కూడితే 300. ఒక్కో గుంపులో ఐదేళ్లు ఉంటారు కాబట్టి ఐదుతో హెచ్చిస్తే 1500. వెయ్యితో భాగిస్తే 1.5. అంకెలు నేను వేసుకున్నవే గానీ ఆకారం మాత్రం అచ్చం మనదే. అంతా 20-24లో గుట్టపడి, 30 దాటేసరికి ఎండిపోతుంది. దక్షిణ కొరియాలో ఆ గుట్ట 30-34లో ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కృష్ణలంక_కుర్రోడు:
1.5, 1.7 సరే అన్నా. బస్సెక్కితే కాలు పెట్టే చోటు లేదు. జనం తగ్గింది ఎక్కడ?

పట్టికరాజు:
తగ్గలేదు తమ్ముడూ, ఇంకా పెరుగుతున్నారు. పాతికేళ్ల కిందట పుట్టినవాళ్లు ఎక్కువ. వాళ్లు తలా ఒకరిద్దర్ని కన్నా, ఏటా పోయే ముసలివాళ్లకంటే పుట్టేవాళ్లే ఎక్కువ అవుతారు. దేశం మొత్తం టీఎఫ్ఆర్ 2కి వచ్చేసినా, ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం మన జనాభా 2060ల మొదట్లో 170 కోట్ల దగ్గరికి చేరాకే దిగడం మొదలవుతుంది.

గోదారిగట్టు:
నా బాధ అది కాదు రాజు గారూ. జనాభాని బట్టి రాష్ట్రాలకి పంచే లోక్‌సభ సీట్లు. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనం 4.35 కోట్లు, దేశంలో సుమారు 7.9 శాతం. 2011కి 8.46 కోట్లు, అంటే 7 శాతం. 1976లో 42వ సవరణ సీట్ల పంపకాన్ని 1971 లెక్క దగ్గర ఆపింది కాబట్టి మన 42 మనకి దక్కాయి, ఇప్పుడు ఆంధ్రాకి 25, తెలంగాణకి 17గా ఉన్నాయి. 2026 తర్వాతి మొదటి జనగణన దాకా ఆపుదామని 84వ సవరణ పొడిగించింది. ఆ జనగణనకి 2027 మార్చి 1 తేదీ పెట్టారు. 543 సీట్లే ఉంచి 2011 జనాభా ప్రకారం పంచినా తెలుగువాళ్లకి 38 వస్తాయి. చెప్పిన మాట విని ఆపరేషన్లు చేయించుకున్నందుకు నాలుగు సీట్లు జరిమానా!

పట్టికరాజు:
38 సరైన లెక్కే. అది అన్యాయమన్న మాట మీదా నాకు పేచీ లేదు. పేచీ మందు గురించి. ఆంధ్రా జనం 5.3 కోట్లు, వెయ్యికి 15 చొప్పున ఏడాదికి దాదాపు 8 లక్షల కాన్పులు అనుకుందాం. మీ నగదు పథకం బ్రహ్మాండంగా పనిచేసి టీఎఫ్ఆర్ 1.5 నుంచి 1.8కి ఎగిరింది. అంటే 20 శాతం ఎక్కువ, ఏటా 1.6 లక్షల మంది అదనం. పదేళ్లు అలాగే నిలబడితే 16 లక్షలు. 145 కోట్ల దేశంలో అది 0.11 శాతం. 543తో హెచ్చించండి. 0.6 సీటు వస్తుంది. పదేళ్లు ఖజానా తలుపులు బార్లా తీసిపెడితే ముప్పాతిక ఎంపీ కూడా రాడు. సీట్ల తగువు పార్లమెంట్‌లో తేల్చుకోవాలి, ప్రసూతి వార్డులో తేలదు.

ఇంకొకటి. 15వ ఆర్థిక సంఘం 2021-26 పన్నుల పంపకంలో 2011 జనాభాకి 15 శాతం, జనాభా అదుపు చేసినందుకు 12.5 శాతం తూకం ఇచ్చింది. ఆ రెండో దాంట్లో టీఎఫ్ఆర్ ఎంత తక్కువుంటే అంత మార్కులు. ఆ పద్ధతి మళ్లీ వస్తే మీరు పెంచుతామన్న అంకె ఆ ఖాతాలో మనకే కోత.

గోదారిగట్టు:
0.6 దగ్గర నన్ను పడేశారు, ఒప్పుకుంటున్నా. కానీ సీట్లు వదిలేసినా ముసలితనం ఉంది కదా. జనాభా తరగకుండా నిలబడాలంటే టీఎఫ్ఆర్ 2.1 ఉండాలి. 1.5ని 2.1తో భాగిస్తే 0.71. తరానికి నూటికి 71 మందే మిగులుతారు. కేరళలో 2036 నాటికి అరవై దాటినవాళ్లు 23 శాతమని కేంద్రం అంచనా. మనం వాళ్ల వెనకే నడుస్తున్నాం. ఆ పెన్షన్లు ఎవరి పన్నుల్లోంచి ఇస్తారు?

వార్డు_డాక్టరమ్మ:
మీరిద్దరూ వార్డు సంగతి వార్డు బయట నిలబడి మాట్లాడుతున్నారు. ఆంధ్రాలో 15-49 మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. మాత్రలు, కాపర్-టీ, నిరోధ్ అన్నీ కలిపినా ఒకటి రెండు శాతం. అదే సర్వేలో, 20-24 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్లి. రెండూ కలిపి చదవండి. పదిహేడుకి పెళ్లి, ఇరవైకి ఒకరు, ఇరవై రెండుకి ఇంకొకరు, ఆ కాన్పులోనే ట్యూబులు ముడి. కొరియాలో ముప్పై మూడేళ్లకి మొదటి బిడ్డని కని ఆగుతున్నారు. మన అమ్మాయి ఆ వయసుకి పదేళ్ల ముందే తలుపు మూసేసి ఉంటుంది. పైన రాజు గారు చెప్పిన గుట్ట ఇదే.

ఇప్పుడు ఆమెకి మూడో బిడ్డకి డబ్బిస్తామంటే ఏం చెయ్యాలి? మళ్లీ ట్యూబు కలిపే ఆపరేషన్ ఉంది, రీకెనలైజేషన్ అంటాం. సాధారణంగా ట్యూబు మధ్య ముక్క కోసేస్తారు కాబట్టి మిగిలింది ఎంత పొడవన్నదే ముఖ్యం. నాలుగు సెంటీమీటర్లకి పైన ఉంటే ఆశ ఉంటుంది, బాగా పొట్టిదైతే కలిపినా గర్భం నిలవడం కష్టం. ట్యూబులోనే గర్భం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అది పగిలితే ప్రాణం మీదకి వస్తుంది. ఇక సిజేరియన్లు. ఆంధ్రాలో 42 శాతం, తెలంగాణలో 61 శాతం. రెండు కోతలయిన గర్భసంచిలో మూడోసారి మాయ పాత కుట్టు మీద అతుక్కుంటే రక్తస్రావం ఆపలేక గర్భసంచే తీసెయ్యాల్సి వస్తుంది. ఈ మాట ఏ ప్రోత్సాహక పథకం కరపత్రంలోనూ రాయరు.

కృష్ణలంక_కుర్రోడు:
అంటే ఈ తరం మీద డబ్బు పెట్టినా వేస్టేనా మేడమ్?

వార్డు_డాక్టరమ్మ:
70 శాతంలో ఉన్నవాళ్ల మీద, దాదాపు అంతే.

పల్నాడు_పంతులు:
డబ్బు అస్సలు పనిచెయ్యదనడం మాత్రం తొందరపాటు. హంగరీ చూడండి. 2019లో పెళ్లయిన జంటలకి కోటి ఫోరింట్ల దాకా అప్పు పెట్టారు. మూడో బిడ్డ పుడితే మిగిలిన బాకీ మాఫీ. నలుగుర్ని కన్న తల్లికి 2020 నుంచి ఆదాయపన్ను లేదు. 2011లో 1.2 చిల్లర ఉన్న టీఎఫ్ఆర్ 2021కి 1.6 దగ్గరికి వచ్చింది.

పట్టికరాజు:
ఆ తర్వాతి మూడేళ్లు కూడా చెప్పండి పంతులు గారూ. 2024కి 1.4 కిందకి జారింది. రేపు కనాల్సిన బిడ్డని అప్పు మాఫీ కోసం ఈరోజే కన్నారు, అందువల్ల ఎక్కేటప్పుడు ఎక్కువ కనిపించింది, దిగేటప్పుడు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. టీఎఫ్ఆర్‌తో చిక్కే ఇది, ఎంతమందిని కన్నారన్నదీ ఎప్పుడు కన్నారన్నదీ ఒకే అంకెలో కలిసిపోతాయి. జపాన్‌లో 1966 అగ్ని గుర్రం ఏడు. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగేస్తుందని నమ్మకం, మన మూల నక్షత్రం భయాల్లాంటిదే. టీఎఫ్ఆర్ ఒక్కసారిగా 1.58కి పడింది, మరుసటి ఏడే రెండు దాటింది. జంటలు వాయిదా వేసుకున్నారంతే. 1989లో ఏ జాతకం లేకుండానే 1.57కి దిగినప్పుడు ఆ దేశానికి నిజంగా వణుకు పుట్టింది.

చైనా సంగతి మరీను. 2016లో ఒక్కరే అన్న నిబంధన ఎత్తేస్తే ఆ ఏడు దాదాపు 1.8 కోట్ల మంది పుట్టారు. 2021లో ముగ్గుర్ని కూడా కనమన్నారు. 2023లో పుట్టింది 90 లక్షల మంది. కొరియా 2006 నుంచి వందల లక్షల కోట్ల వాన్‌లు పోసి 2023లో 0.72 చూసింది.

పల్నాడు_పంతులు:
అయితే చేతులు ముడుచుకు కూర్చోమంటారా?

పట్టికరాజు:
లేదు. ఒక హెచ్చరిక మాత్రం. డాక్టర్ గారు చెప్పిన బాల్యవివాహాలు తగ్గితే (తగ్గాలి కూడా) మొదటి కాన్పు రెండు మూడేళ్లు వెనక్కి జరుగుతుంది, ఆ జరిగినన్నాళ్లూ టీఎఫ్ఆర్ 1.5 కంటే ఇంకా కిందికి పోతుంది. అప్పుడు పేపర్లలో "ఆంధ్రా అంతరించిపోతోంది" అని హెడ్డింగులు వస్తాయి. కంగారుపడి ఆడపిల్లల పెళ్లి వయసు జోలికి ఎవరూ పోకూడదు.

ఇక పనిచేసే చేతుల సంగతీ చూద్దాం. తెలంగాణలో వరి నాట్లకి బిహార్, బెంగాల్ కూలీలు వస్తున్నారు, ఇటుక బట్టీల్లో బొలంగీర్ ఒడియా కుటుంబాలు ఉంటున్నాయి. ముసలివాళ్ల ఖర్చు మోసే చేతులు వీళ్లవే. వాళ్లకి రేషన్, పిల్లలకి వాళ్ల భాషలో బడి లేకపోవడం అసలు లోటు.

గోదారిగట్టు:
బిహార్ కూడా ఎన్నాళ్లు పంపిస్తుంది? ఐదేళ్లలో వాళ్ల టీఎఫ్ఆర్ 3.4 కాస్తా 3.0 అయింది. వాళ్లకీ మన గతే పడుతుంది.

పట్టికరాజు:
పడుతుంది. ఇరవై ముప్పై ఏళ్ల టైమ్ మాత్రం ఉంది. ఆలోపు మన ఆడవాళ్లకి జీతం వచ్చే పని దొరికితే చేతుల కొరత సగం తీరుతుంది.

పల్నాడు_పంతులు:
ఆడవాళ్ల పని అన్నారు కాబట్టి ఒకటి. 2017 సవరణ తర్వాత ప్రసూతి ప్రయోజన చట్టం ఇద్దరి దాకా 26 వారాల సెలవు ఇచ్చింది, మూడో కాన్పుకి 12 వారాలే. 2025 నవంబర్‌లో దాని స్థానంలో అమల్లోకొచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే లెక్క. 50 మంది పనిచేసేచోట శిశు సంరక్షణ గది ఉండాలని అదే చట్టం అంటోంది. మీకు తెలిసిన ఎన్ని ఆఫీసుల్లో ఉంది? ముఖ్యమంత్రి ముగ్గురంటున్నారు, చట్టం మూడోదానికి సగం కూడా ఇవ్వడం లేదు. నగదు కంటే ముందు ఇది సరిచెయ్యాలని నేనూ ఒప్పుకుంటాను.

కృష్ణలంక_కుర్రోడు:
డాక్టర్ గారూ, ఆఖరి డౌటు. ఇప్పుడు పెళ్లవుతున్నవాళ్లకి మీరైతే ఏం చెప్తారు? ఆపరేషన్ వద్దనా?

వార్డు_డాక్టరమ్మ:
వద్దని చెప్పను, అది వాళ్ల ఇష్టం. ఇరవై రెండేళ్లకే చేయించేసుకోమని ఎవరూ తోయకూడదు, అంతే. ప్రభుత్వాసుపత్రిలో గర్భం రాకుండా ఇచ్చే అంతరా ఇంజెక్షన్ ఉచితం, మూడు నెలలకోసారి. మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు పడుతుందని ముందే చెప్పాలి. ఛాయా మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆపైన ఒకటి, పాలిచ్చే తల్లి కూడా వాడొచ్చు. కాపర్-టీలో 380 రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు. కాన్పయిన 48 గంటల్లోపే పెట్టెయ్యొచ్చు, కాకపోతే జారిపోయే అవకాశం కాస్త ఎక్కువ కాబట్టి ఆరు వారాలకి వచ్చి దారం చూపించుకోవాలి. మన దగ్గర అడిగేవాళ్లు లేరని కొన్నిచోట్ల స్టాకే తెప్పించరు. మూడో బిడ్డకి బడ్జెట్ రాసేవాళ్లు ఆ స్టాకు రిజిస్టర్ ఒకసారి తెరిచి చూస్తే బాగుండు.