టేపులో తీసిన గిటార్ డ్రమ్స్‌తో కలవడం లేదు, దారి చెప్పండి

మాది తిరుపతి, కొర్లగుంట. నలుగురం కలిసి లో-ఫై (కావాలనే గరుకుగా, పాతకాలపు ధ్వనితో ఉంచే) రాక్ ఆల్బమ్ చేస్తున్నాం. చిత్తూరులో ఉన్న మిత్రుడు డ్రమ్స్ ఫోన్‌లో రికార్డ్ చేసి పంపుతాడు. నేను వాటిని వింటూ మిద్దె మీది గదిలో పాత క్యాసెట్ రికార్డర్‌లో గిటార్ తీసి, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. ఆ టేపు బుస మాకు ప్రాణం, దాన్ని వదులుకోలేం.

చిక్కేమిటంటే, మొదటి చరణం దాకా చక్కగా కలిసిన తాళం మూడో నిమిషానికి అర బీటు జారిపోతోంది. ఫైళ్లన్నీ ఒకే శాంపుల్ రేటులో (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క), అంటే 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉన్నాయి, కాబట్టి తేడా టేపు వేగానిదే అనుకుంటున్నా. ముక్కలుగా కోసి జరిపితే, తీగ ఇంకా మోగుతున్న చోట అతుకు తెలిసిపోతోంది.

గిటార్ ట్రాకు మొత్తాన్ని సాగదీయాలా? లేక స్టీరియో టేపులో ఒకవైపు గిటార్, మరోవైపు క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) ఎక్కించి, ఆ క్లిక్‌ను బట్టి సరిచేయడం మేలా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే వారం పాడటం మొదలుపెట్టాలి, టెన్షన్‌గా ఉంది.