సీడీఎల్ (అమెరికాలో భారీ వాహనాల లైసెన్సు) చేతికొచ్చింది, సోమవారం ట్రక్కు కంపెనీలో చేరుతున్నాను: ట్రైనింగ్ ఎలా ఉంటుంది?

ఆటోనగర్ అబ్బాయి, డాలస్:

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. మా నాన్నగారు ముప్పై ఏళ్లు విజయవాడ నుంచి నాగపూర్‌కు లారీ నడిపారు. నన్ను మాత్రం స్టీరింగు దగ్గరికి రానివ్వకుండా చదివించారు. గ్రీన్ కార్డు మీద ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్లు పెట్రోలు బంకు దుకాణంలో రాత్రి డ్యూటీలు చేశాక, నాకు నేనుగా మళ్లీ లారీ దగ్గరికే వచ్చాను. నాలుగు వారాల డ్రైవింగ్ స్కూలు అయిపోయింది. పోయిన వారం పెద్ద ట్రైలర్ లాగే ట్రక్కులకు కావలసిన క్లాస్ ఏ సీడీఎల్ మొదటిసారే పాసయ్యాను.

సంతోషంగానే ఉంది కానీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. స్కూల్లో ట్రైలర్‌ను కోన్‌ల మధ్య వెనక్కి పెట్టడం గుర్తులతో నేర్పారు: అద్దంలో ఫలానా కోన్ కనబడగానే ఇటు తిప్పు, ఫలానా చోట నిటారు చెయ్యి. ఆ యార్డులో ఎన్నిసార్లయినా పెట్టగలను. బయట కోన్‌లు ఉండవు కదా! రోడ్డు మీద నేను నడిపింది మొత్తం కలిపినా పది గంటలు దాటదు. వానలో ఒక్కసారి కూడా నడపలేదు.

మూడు రోజులు ఓరియెంటేషన్ (కొత్తవాళ్లకు కంపెనీ పెట్టే పరిచయ తరగతులు), తరువాత ఆరు వారాలు ట్రైనర్‌తో ట్రక్కులోనే అన్నారు. ముక్కూమొహం తెలియని మనిషితో అంత చిన్న చోట ఎలా గడుస్తుంది? ఆయన ఏం నేర్పుతాడు? ఏది నేనే అడిగి నేర్చుకోవాలి? ఈ దశ దాటినవాళ్లు దయచేసి చెప్పండి.

పల్నాడు డ్రైవర్, ఇండియానా:

అభినందనలు. మొదటిసారే పాసవడం చిన్న విషయం కాదు. మాది నరసరావుపేట. 2018 నుంచి దూర ప్రయాణాల ట్రక్కు నడుపుతున్నాను. మీ కోన్‌ల మాట చదవగానే నా మొదటి నెల గుర్తుకొచ్చింది, అందుకే వివరంగా రాస్తున్నాను.

స్కూలు మీకు లైసెన్సు ఇప్పించింది, పని ఇంకా నేర్పలేదు. అందులో మీ లోపం ఏమీ లేదు. 2022 ఫిబ్రవరి 7 నుంచి స్కూళ్లు ఏమేం నేర్పాలో ఫెడరల్ నిబంధనల్లో ఉంది కానీ, ఇన్ని గంటలు నడిపించి తీరాలని లేదు. కాబట్టి చాలా చోట్ల పరీక్షకు సరిపడా నేర్పి పంపుతారు. మిగిలినదంతా ట్రైనర్ దగ్గర నేర్చుకోవలసిందే. ఆ ఆరు వారాలు పక్క సీటులో ప్రయాణికుడిలా కూర్చోకండి. కష్టమైన పని ఎదురైన ప్రతిసారీ ‘నేను చేస్తాను’ అని అడిగి తీసుకోండి.

ఓరియెంటేషన్ గురించి బెంగ వద్దు. హోటల్ గది, బహుశా ఇంకొకరితో కలిసి. మూత్ర పరీక్ష, కొన్ని కంపెనీల్లో వెంట్రుకల పరీక్ష, కాగితాలు, వీడియోలు, ఒక చిన్న రోడ్డు పరీక్ష. బీపీ ఉంటే ఆ హడావుడిలో మందులు మానకండి. 140/90 లోపు ఉంటే మెడికల్ కార్డు (ట్రక్కు నడిపే ఆరోగ్యం ఉందన్న సర్టిఫికెట్) రెండేళ్లకు ఇస్తారు, కాస్త దాటితే ఏడాదికే.

ట్రక్కు ఎక్కాక మొదట్లో ట్రైనర్ మీ పక్కనే కూర్చుంటాడు. కొన్నాళ్లకు చాలా కంపెనీల్లో వంతులు మొదలవుతాయి: మీరు నడుపుతుంటే ఆయన వెనక స్లీపర్‌లో పడుకుంటాడు, ఆయన నడుపుతుంటే మీరు పడుకోవాలి. పది గంటల విశ్రాంతి తరువాత పని మొదలుపెట్టగానే 14 గంటల లెక్క మొదలవుతుందని, అందులో 11 గంటలే నడపాలని, ఎనిమిది గంటలు నడిపేసరికి అరగంట విరామం తీసుకోవాలని స్కూల్లో చెప్పే ఉంటారు. లెక్క తేలికే. కదులుతున్న బండిలో నిద్రపోవడమే కష్టం. మొదటి మూడు రోజులు నాకు కన్ను మూతపడలేదు. వంతెన అతుకు వచ్చిన ప్రతిచోటా పరుపు మీద ఎగిరిపడేవాడిని. నాలుగో రోజు తెల్లవారుజామున నెబ్రాస్కాలో ఐ-80 హైవే మీద తెల్లగీత రెండుగా కనబడింది. తరువాతి ఎగ్జిట్‌లో దిగి, బండి ఆపి, ట్రైనర్‌ను లేపి ‘ఇక నడపలేను’ అన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన బూట్లు తొడుక్కుంటూ ‘నన్ను లేపినవాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు’ అన్నాడు. ఆ మాటకు ఆయన మీద ఇప్పటికీ గౌరవం.

ఇక వెనక్కి పెట్టడం. అంత మంచి మనిషే, డాక్ (గోదాము దగ్గర ట్రైలర్‌ను ఆనించి సరుకు ఎక్కించే, దించే చోటు) ఇరుకుగా ఉంటే మాత్రం ‘ఆలస్యమవుతుంది, లే, నేను పెడతాను’ అని స్టీరింగు తీసుకునేవాడు. ఆయనకు మైళ్లను బట్టి డబ్బు. నాకూ లోపల హాయిగానే ఉండేది. అయిదు వారాల్లో నేను సొంతంగా డాక్‌కు పెట్టింది పదకొండు సార్లే. ఆ బాకీ ఒంటరిగా వెళ్లిన రెండో లోడుకే తీర్చుకోవలసి వచ్చింది. ఒహాయోలో ఒక కిరాణా గోదాము, రాత్రి రెండు గంటలు, రెండు ట్రైలర్ల మధ్య ఒక ఖాళీ. ట్రక్కు ముక్కు తిరిగేసరికి ఎడమ అద్దంలో ట్రైలర్ కనబడుతోంది కానీ కుడి అద్దంలో యార్డు దీపాలు తప్ప ఏమీ లేవు. మన దగ్గరైతే క్లీనర్ వెనక నిలబడి ‘రానీ, రానీ’ అంటూ బాడీ మీద చరుస్తాడు. ఇక్కడ క్లీనరూ మనమే. రెండు బ్రేకులూ వేసి, దిగి, 53 అడుగుల ట్రైలర్ చివరిదాకా నడిచి, కుడివైపు ఎంత చోటుందో కళ్లతో చూసుకుని మళ్లీ ఎక్కాలి. ఆ రాత్రి తొమ్మిది సార్లు దిగాను. నలభై నిమిషాలు పట్టింది. ఇంకో డ్రైవర్ హారన్ కొట్టాడు కూడా. పక్క ట్రైలర్‌కు జానెడు దూరంలో ఆగింది కానీ ఎవరికీ ఏమీ తగలలేదు. ఎవరు హారన్ కొట్టినా మీరు దిగి చూడండి.

బరువు సర్దడం కూడా అడిగి చేయండి. మొత్తం 80,000 పౌండ్లు, డ్రైవ్ యాక్సిళ్ల (ట్రక్కు వెనక ఇరుసుల) మీద 34,000, ట్రైలర్ యాక్సిళ్ల మీద 34,000 దాటకూడదని పుస్తకంలో చదివే ఉంటారు. నాకు ఒకసారి కాటా చీటీలో ముందు 11,800, డ్రైవ్ మీద 32,600, ట్రైలర్ మీద 34,900 వచ్చింది. మొత్తం సరిపోయింది, వెనక మాత్రం 900 ఎక్కువ. ఎర్ర నాబ్ లాగి ట్రైలర్ బ్రేకు వేశాను, ట్రైలర్ చక్రాలను పైన పెట్టెకు బిగించే పిన్నుల కడ్డీ లాగాను, ట్రక్కును నెమ్మదిగా ముందుకు కదిపాను. చక్రాలు ఉన్నచోటే ఉంటాయి, పైన పెట్టె ముందుకు జరుగుతుంది, బరువు డ్రైవ్ మీదికి వస్తుంది. ఆ ట్రైలర్‌కు పిన్ను దిగే ఒక్కో రంధ్రం జరిపితే దాదాపు 250 పౌండ్లు మారుతుంది. నాలుగు రంధ్రాలు జరిపి మళ్లీ కాటా ఎక్కితే డ్రైవ్ మీద 33,600, ట్రైలర్ మీద 33,900. ఆ చీటీ చాలా రోజులు దాచుకున్నాను. జరిపాక పిన్నులు పూర్తిగా బయటికొచ్చి కూర్చున్నాయో లేదో టార్చి వేసి చూడాలి. లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారిపోతాయి. కాలిఫోర్నియా వెళ్లే లోడయితే చక్రాలను ఇష్టమొచ్చినంత వెనక్కి జరపడం కుదరదు, అక్కడ కింగ్‌పిన్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే పిన్ను) నుంచి చివరి యాక్సిల్ మధ్యకు 40 అడుగులు దాటకూడదు.

గోదావరి అమ్మాయి, శాక్రమెంటో:

అన్నగారూ, పై జవాబులో ప్రతి మాటా నిజం. నేను కొన్ని విషయాలు కలుపుతాను.

ట్రైనర్ కుదరకపోతే మార్చమని అడగవచ్చు. నేను మహిళా ట్రైనరే కావాలని ముందే చెప్పి మూడు వారాలు ఇంట్లో ఎదురుచూశాను. తీరా వచ్చినావిడ రోజంతా ఫోనులో మాట్లాడేది, నేను తప్పు చేస్తే అరిచేది, ఎందుకు తప్పో చెప్పేది కాదు. కొత్తదాన్ని కదా, పెద్దావిడ కదా అని నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు ట్రైనింగ్ విభాగానికి ఫోన్ చేశాను. వాళ్లు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా మార్చారు. ఆ నాలుగు రోజుల మొహమాటం నాకెందుకో ఇప్పటికీ తెలియదు.

రెండో ఆవిడ నాకు కొండ దిగడం నేర్పింది. ఓరిగాన్‌లో ఐ-84 మీద పెండిల్టన్ వైపు దిగేటప్పుడు క్యాబేజీ హిల్ వస్తుంది, ఆరు మైళ్లలో రెండు వేల అడుగులు దిగాలి, మధ్యలో పెద్ద మలుపులు. పైన, దిగకముందే, ఆమె గేరు తగ్గించమంది. వేగం ముందే తగ్గాలి, దిగడం మొదలయ్యాక తగ్గిద్దామంటే కుదరదు. ఇంజిన్ బ్రేకు వేసి, అనుకున్న వేగం చేరినప్పుడు మాత్రం బ్రేకు గట్టిగా తొక్కి అయిదు మైళ్లు తగ్గించి వదిలేయాలి. కాలు అలాగే ఆనించి ఉంచితే బ్రేకులు కాలిపోతాయి. నేను గంటకు 30 మైళ్ల వేగంతో దిగుతుంటే మిగతా ట్రక్కులు దాటిపోయాయి. ‘వాళ్ల లోడు ఎంతో మనకు తెలియదు, మన లోడు మనకు తెలుసు’ అంది. కింద ఆగి చక్రాల దగ్గర వాసన చూడమంది. కాలిన వాసన లేదు. నా భుజం తట్టింది.

తనిఖీలో అధికారి ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలి. నిబంధన పాతదే, 2025 జూన్ 25 నుంచి చెప్పలేనివాళ్లను అక్కడే ఆపేస్తున్నారు. ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ లోడు, లాగ్ (పని గంటల రికార్డు) చూపించడం, ఇవి ట్రైనర్‌తో రోజూ సాధన చేయండి. తిండికి చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లండి, దానికి కరెంటు ఇచ్చే ఇన్వర్టర్ ట్రక్కులో ఉందో లేదో ముందే కనుక్కోండి. అన్నం, పచ్చడి, పెరుగుతో నాకు గడిచిపోయింది. పోపు మాత్రం క్యాబ్‌లో పెట్టకండి, అది ట్రైనర్ ఇల్లు కూడా.

కొలంబస్ నుంచి:

ఒక్క మాట. సంతకం పెట్టే ముందు ఒప్పందం పూర్తిగా చదవండి. స్కూలు ఫీజు కంపెనీయే కట్టి ఉంటే సాధారణంగా ఏడాది పనిచేయాలి, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలి. ఆ ఏడాది ఏ తేదీ నుంచి లెక్కో చూడండి. నేను చేరిన రోజు నుంచి అనుకున్నాను, కాగితంలో ఒంటరిగా ట్రక్కు తీసుకున్న రోజు నుంచి అని ఉంది. రెండు నెలల తేడా. ట్రైనింగులో వారానికి ఇంత అని ఇస్తారా, మైలుకా అన్నది కూడా రాతలోనే తీసుకోండి.

ఆటోనగర్ అబ్బాయి, డాలస్:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాత్రి నాన్నగారికి ఫోన్ చేసి ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. ‘రానీ, రానీ’ దగ్గర కాసేపు మాట్లాడలేదు. ఆయన నాలుగేళ్లు క్లీనర్‌గా చేశాకే గురువు స్టీరింగు ఇచ్చాడట. ‘నీకు ఆరు వారాలే ఇచ్చారు, ఒక్క డాక్ కూడా వదలకు’ అన్నారు. మొదటి రోజే ట్రైనర్‌తో ఆ మాట చెప్తాను. పల్నాడు అన్నగారూ, టార్చి ఎలాంటిది కొనమంటారు?

పల్నాడు డ్రైవర్, ఇండియానా:

తలకు తగిలించుకునేది కొనండి, పిన్నులు చూసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చేతి తొడుగులు రెండు జతలు, వానకోటు ఒకటి. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. మొదటి డాక్ పెట్టిన రోజు ఎన్నిసార్లు దిగారో ఇక్కడ రాయండి.