రాణీ కుముదినీ దేవి మీద ప్రదర్శన ప్యానెల్: ఏం రాయాలి, ఏవి సరిచూసుకోవాలి?

ప్రశ్న (నగరచరిత్ర_విద్యార్థి):
హైదరాబాద్ మాజీ మేయర్ల మీద కాలేజీలో ప్రదర్శన పెడుతున్నాం. కుముదినీ దేవి గారి ప్యానెల్‌కి రెండొందల మాటలే చోటు. 'కుటుంబం, భక్తి, పదవి' అని మూడు పేరాలు అనుకున్నాం. తొలి మహిళా మేయర్ అని ఒకచోట ఈవిడ పేరు, ఇంకోచోట సరోజినీ పుల్లారెడ్డి, మరోచోట బండ కార్తీకరెడ్డి పేరు కనిపిస్తున్నాయి. ఏది నిజం? భక్తి గురించి 'గొప్ప దైవభక్తురాలు' అని తప్ప ఇంకేం రాయొచ్చు?

రికార్డుగది:
తొలి మహిళా మేయర్ కుముదినీ దేవే, 1962లో. సరోజినీ పుల్లారెడ్డి 1965లో అయ్యారు. కార్తీకరెడ్డిది 2009. చుట్టుపక్కల మున్సిపాలిటీలు కలిసి 2007లో గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడ్డాక దానికి మొదటి మేయర్ ఆవిడ. 'గ్రేటర్' అన్న మాట ఎగిరిపోయినప్పుడల్లా 'తొలి' చేతులు మారుతుంది.

'అయిదేళ్లు నగరాన్ని ఏలారు' లాంటి వాక్యం పొరపాటున కూడా వద్దు. అప్పట్లో మేయర్‌ని కార్పొరేటర్లు ఏడాదికే ఎన్నుకునేవారు. పదేళ్లు, అంటే 1962 నుంచి 1972 దాకా, ఉన్నది వనపర్తి ఎమ్మెల్యేగా. రెండూ ఒకే ఏడాది మొదలయ్యాయి కాబట్టి వ్యాసాల్లో కలిసిపోతుంటాయి. హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు 1960లోనే ఒకటయ్యాయి. అందుకే 'జంటనగరాల మేయర్' అన్నా తప్పులేదు.

ఎన్నికల జాబితాల్లో 'రాణీ' కింద వెతికితే దొరకరు. అత్తింటి పేరు జనంపల్లి, 'జె' దగ్గర చూడండి.

వడ్డేపల్లి_చెరువు:
కుటుంబం పేరాలో జారిపడే చోట్లు రెండున్నాయి. పుట్టినిల్లు వరంగల్ దగ్గరి వడ్డేపల్లి, 1911. తండ్రి పింగళి వెంకటరామారెడ్డి నిజాం చివరి మంత్రివర్గంలో ఉప ప్రధాని. పింగళి, పింగిళి, పింగిలి అని రకరకాలుగా రాస్తారు కాబట్టి అన్నీ వెతకాలి. జెండా పింగళి వెంకయ్య గారికీ వీళ్లకీ చుట్టరికం అంటగట్టకండి. భర్త వనపర్తి సంస్థానం వారైన రాజా రామదేవరావు. మహబూబ్‌నగర్ ఎంపీగా చేసిన రాజా రామేశ్వరరావు వేరే మనిషి. ఫొటో కింద పేరు వేసేటప్పుడు చూసుకోండి.

సేవాలయం:
అసలు మూడు పేరాలుగా విడదీయడమే సరికాదనిపిస్తోంది. ఆవిడ గురువు రిషీకేశ్ స్వామి శివానంద. సన్యాసం తీసుకోకముందు మలయాలో వైద్యం చేసినవారు, రిషీకేశ్‌లోనూ కుష్టు బాధితులకు సేవ చేసినవారు. కూకట్‌పల్లిలో కుష్టు బాధితులకు ఆవిడ పెట్టిన పునరావాస కేంద్రానికి ఆయన పేరే. పెట్టింది 1958లో, అంటే మేయర్ కాకముందు నాలుగేళ్లు. చాలామంది 'పదవి దిగాక సేవలోకి వచ్చారు' అని రాసేస్తారు, వరస తలకిందులైపోతుంది. భక్తి పేరాకి ఈ కేంద్రం చాలు, విశేషణాలు అక్కర్లేదు.

అప్పటి పరిస్థితి చెబితేనే ఆ పని బరువు తెలుస్తుంది. అప్పుడున్న ప్రధానమైన మందు డాప్సోన్. ఏళ్ల తరబడి మింగాలి. అదొక్కటే వాడటంతో కొన్నాళ్లకి సూక్ష్మజీవి లొంగడం మానేసింది. అందుకే 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇమ్మంది: సూక్ష్మజీవులు తక్కువున్న రకానికి ఆరు నెలలు, ఎక్కువున్నదానికి ఇప్పుడు పన్నెండు.

మందుతో జబ్బు పోయినా, చచ్చిపోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. రాయి గుచ్చుకున్నా తెలియదు, పుండు మీదే నడిచేస్తారు, అది ఎముక దాకా వెళ్తుంది. రోజూ పాదాల్ని ఓ ఇరవై నిమిషాలు మామూలు నీళ్లలో నానబెట్టి, గట్టిపడ్డ చర్మం రుద్ది, తడి ఆరకముందే నూనె రాయాలి. వేడినీళ్లు పనికిరావు, కాలినా తెలియదు. చెప్పులకి లోపల ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్, అంటే సన్నటి గాలి బుడగలున్న) మెత్తటి రబ్బరు, వెనక మడమ పట్టీ ఉండాలి. మేకులు కొట్టకూడదు, జిగురుతో అతికించాలి.

ఇంకొకటి. 1955 హిందూ వివాహ చట్టంలో కుష్టు విడాకులకి ఒక కారణం. 2019లో తీసేశారు. అంటే ఆవిడ కేంద్రం పెట్టిన రోజుల్లో ఈ జబ్బుతో ఇల్లు కోల్పోవడాన్ని చట్టమే ఒప్పుకునేది. కుటుంబం గురించి రాసేచోట ఈ వాక్యం పడితే, రాజకుటుంబం వివరాలు సగానికి తగ్గించినా ఫర్వాలేదు.

రికార్డుగది:
ఒప్పుకుంటాను. మరణం 2009 ఆగస్టు 6, తొంభై ఎనిమిదేళ్లకి. ఇంకోమాట, ప్యానెల్‌లో 'కుష్టురోగులు' వద్దు, 'కుష్టు బాధితులు' అని వేయండి.