గుండె వైఫల్యంలో లయ తప్పితే: లయ సరిచేయించాలా, వేగం తగ్గిస్తే చాలునా?

రాయగడ అబ్బాయి: నాన్నగారికి గుండె వైఫల్యం ఉంది. ఈ వేసవిలో ఈసీజీలో ఆట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు, బయటపడింది. విశాఖ డాక్టరుగారు వెంటనే లయ సరిచేయాలంటున్నారు. ఇక్కడి డాక్టరుగారు గుండె వేగం తగ్గించి, రక్తం పలుచన చేసే మాత్ర వాడితే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

బరంపురం మాస్టారు: ఆలస్యం చేయకండి. 2020లో వెలువడిన ఈస్ట్ అధ్యయనంలో 2,789 మంది, అందరూ జబ్బు బయటపడి ఏడాదిలోపు వారే. మొదట్లోనే లయ సరిచేసినవారిలో గుండెజబ్బు మరణాలు, పక్షవాతం, గుండె కారణంగా ఆసుపత్రిలో చేరడం కలిపి ఐదో వంతు తగ్గాయి. గుండె వైఫల్యం ఉన్నవారూ అందులో ఉన్నారు.

పర్లాకిమిడి కోడలు: 2008లో గుండె వైఫల్యం ఉన్న 1,376 మందిపై చేసిన అధ్యయనం సంగతి దాచారేం? లయ సరిచేసినా మరణాలు తగ్గలేదు. మా అత్తగారికి లయ సరిచేసే మందు అమియోడరోన్ ఇచ్చారు. థైరాయిడ్ దెబ్బతిని ముఖం ఉబ్బేదాకా పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు.

బరంపురం మాస్టారు: దాచలేదమ్మా. అందులో తొలిదశవారినే ఎంచుకోలేదు, వాడినది ప్రధానంగా అమియోడరోన్. 2018 నాటి క్యాజిల్ అధ్యయనంలో అబ్లేషన్, అంటే గుండెలో లయ తప్పించే చోట్లను సన్నని గొట్టంతో మాడ్చే చికిత్స, చేశారు. మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం 44.6 శాతం నుంచి 28.5కి దిగింది.

జయపురం వాసి: ఆ 363 మందికీ ముందే ఛాతీలో ఐసీడీ, అంటే లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చే పరికరం, అమర్చి ఉంది. మనలో ఎందరికి ఉంది?

బరంపురం మాస్టారు: ఐసీడీ లేదని చూస్తూ కూర్చోవాలా? పరీక్ష చేయించని తప్పును మందు మీదికి నెట్టడం మాత్రం న్యాయం కాదు.

పర్లాకిమిడి కోడలు: తప్పెవరిదండీ? ఆడపడుచులు ఫోనులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంటారు. రైలెక్కించేది, మందులు చూసేది నేను. ఆరు నెలలకోసారి థైరాయిడ్, కాలేయ పరీక్షలు ఎవరు గుర్తుపెట్టుకుంటారో తేల్చి, అప్పుడు లయ గురించి మాట్లాడండి!

బరంపురం మాస్టారు: మీ కష్టం మీది. నాకు వేగం తగ్గితే చాలని ఏళ్లు గడిపేశారు. ఇప్పుడు ఎడమ కర్ణిక (గుండె ఎడమ పై గది) బాగా సాగిపోయింది, అబ్లేషన్ చేసినా లయ నిలవడం కష్టమంటున్నారు. అది ఎవరి ఖాతాలో రాయాలి?

గుణుపురం ఫార్మసిస్టు: ఇద్దరూ ఎకో (గుండె స్కానింగ్) సంగతి వదిలేశారు. రుమాటిక్ జబ్బుతో గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం ఇరుకైతే లెక్కే వేరు, అక్కడ రక్తం పలుచన చేసే మందుల్లో వార్ఫరినే ఇవ్వాలి. ముందు అది తేల్చుకోండి.

రాయగడ అబ్బాయి: ఎకోలో కవాటం బాగానే ఉంది. నాన్నగారు ఇదంతా చదివి, లయ కుదిరితే రక్తం పలుచన మాత్ర మానేయవచ్చా అంటున్నారు.

గుణుపురం ఫార్మసిస్టు: సొంతంగా మానకూడదు. లయ కుదిరినా వయసు, గుండె వైఫల్యం వల్ల పక్షవాతం ముప్పు ఉంటుంది. ఈస్ట్‌లో రెండు వైపులవారికీ ఆ మాత్ర ఇచ్చారు.

పర్లాకిమిడి కోడలు: ఆ సంగతి విశాఖలో చీటీ మీద రాయించుకోండి. అమియోడరోన్ ఇస్తే పరీక్షల తేదీలు కూడా.