నాడీపరీక్షపై ప్రజలకు మళ్లీ నమ్మకం ఎలా కలుగుతుంది?

ప్రశ్న: బొటనవేలి మూలం దగ్గర మూడు వేళ్లు ఆనించి వాత, పిత్త, కఫాల గతిని గ్రహించే ఆయుర్వేద నాడీపరీక్షను ప్రజలు మళ్లీ విశ్వసించాలంటే ముందుగా ఏం జరగాలి?

మొదటి జవాబు: ఒకే రోగిని పలువురు వైద్యులు, ఒకరి అభిప్రాయం మరొకరికి తెలియకుండా పరీక్షించినప్పుడు వారి నిర్ణయాలు ఎంతవరకు కలుస్తున్నాయో నమోదుచేసి, కలవని వాటిని కూడా దాచకుండా ప్రకటించాలి. నాడిని కొలిచే యంత్రాల కంటే ముందు కావలసింది ఇదేనని నా అభిప్రాయం.

రెండవ జవాబు: ఏకీభవిస్తున్నాను. ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన శార్ఙ్గధర సంహిత నాడీగతిని పాము, కప్ప, హంస నడకలతో పోల్చింది. ఆ తేడా గురువు సమక్షంలో దీర్ఘకాలం సాధన చేస్తేనే వేళ్లకు అందుతుంది కనుక కళాశాలల్లో ఆ శిక్షణ పెరగాలి.

మూడవ జవాబు: రోగిని ఎనిమిది అంశాల్లో చూసే అష్టస్థాన పరీక్షలో నాడి ఒకటి మాత్రమే, మూత్రం, మలం, నాలుక వంటివీ చూడాలి. నాడి పట్టి క్యాన్సర్‌ను నిర్ధారిస్తామనే ప్రకటనలే ఈ విద్యకు ఎక్కువ చెరుపు చేస్తున్నాయండీ.