డాక్టర్లకు బోనస్ దేన్నిబట్టి ఇవ్వాలి? వైద్యం నాణ్యతను ఎలా కొలవాలి?

బెజవాడ డాక్టర్:
ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ (పీజీ) చేశాను. విజయవాడ చుట్టుపక్కల మూడు క్లినిక్‌లున్న ఒక సంస్థలో పని. ఇక్కడ బోనస్ ఓపీ లెక్క మీదే ఇస్తారు. ఎంతమందిని చూస్తే అంత. దాంతో ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు కూడా దక్కడం లేదు. మొన్న ఒక షుగర్ పేషెంటు వెళ్తూ వెళ్తూ, "డాక్టరుగారూ, చెప్పు కరిచినట్టుంది" అని పాదం చూపించాడు. మడమ కింద రూపాయి బిళ్లంత పుండు. నొప్పే తెలియలేదట. ఆరు నెలలుగా నా దగ్గరికే వస్తున్నాడు, ఒక్కసారీ నేను చెప్పు విప్పించలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఓపీ లెక్క తీసేసి వైద్యం బాగుంటే బోనస్ ఇవ్వండని యాజమాన్యాన్ని అడిగాను. "సరే, ఎలా కొలవాలో రాసివ్వండి" అన్నారు. బీపీ, షుగర్ ఎంతమందికి కంట్రోల్‌లో ఉన్నాయో చూస్తే సరిపోతుందా? అనుభవం ఉన్న సీనియర్లు చెప్పండి.

ఇంగ్లండ్ జీపీ:
తమ్ముడూ, గుంటూరులో ఎంబీబీఎస్ చేసి ఇక్కడికొచ్చాను. ఇప్పుడు జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని. నేను ట్రైనీగా ఉండగా, 2004 ఏప్రిల్‌లో, నువ్వు అడిగిందే ఈ దేశమంతటా మొదలుపెట్టారు. పేరు క్యూఓఎఫ్ (క్వాలిటీ అండ్ అవుట్‌కమ్స్ ఫ్రేమ్‌వర్క్). 146 సూచికలు, 1,050 పాయింట్లు, పాయింటుకింత డబ్బు. ప్రాక్టీసు (జీపీల క్లినిక్) ఆదాయంలో దాదాపు పావు వంతు దీని మీదే ఆధారపడేది. ప్రాక్టీసులు 75 శాతం పాయింట్లు తెచ్చుకుంటాయని ప్రభుత్వం అంచనా వేస్తే, మొదటి ఏడాదే సగటున 90 శాతం దాటాయి.

మంచి జరగలేదని అనను. ప్రతి ప్రాక్టీసులో షుగర్ పేషెంట్లందరి జాబితా తయారైంది. రానివాళ్లకి ఉత్తరాలు వెళ్లేవి. మా నర్సు సన్నటి నైలాన్ పోగు పట్టుకుని, పేషెంటును కళ్లు మూసుకోమని, అది వంగేదాకా పాదానికి ఆనించి "తెలుస్తోందా?" అని అడిగేది. ఏటా ప్రతి ఒక్కరికీ. మీ పేషెంటు ఆ జాబితాలో ఉండుంటే ముందే దొరికేవాడు. పేద ప్రాంతాల ప్రాక్టీసులు కూడా కొన్నేళ్లలో ధనిక ప్రాంతాల వాటికి దగ్గరగా వచ్చాయి.

చెడ్డది కూడా చూశాను. అప్పట్లో బీపీ లక్ష్యం 150/90. 152 వస్తే మళ్లీ చూసేవాళ్లం, 148 వస్తే అదే రాసేవాళ్లం. 148 వచ్చినవాళ్లకి రెండోసారి చూసిన గుర్తు లేదు. ఒకరోజు భర్త పోయిన పెద్దావిడ వచ్చి కూర్చుంది. స్క్రీన్ మూలన ఆవిడ పేరు మీద పసుపు గళ్లు: బీపీ బాకీ, పొగతాగే అలవాటు అడగడం బాకీ. నేను ముందు పొగ సంగతే అడిగాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "లేదు" అని ఊరుకుంది. ఇప్పటికీ ఆ చూపు మర్చిపోలేను.

తర్వాత జరిగిన పరిశోధనల్లోనూ ఇలాంటివే తేలాయి. ఎప్పుడూ చూసే డాక్టరే దొరకడం తగ్గింది. డబ్బు లేని అంశాలు వెనకబడ్డాయి. 2014లో కొన్ని సూచికలకు డబ్బు ఆపితే, వాటిని నమోదు చేయడం వెంటనే పడిపోయింది. స్కాట్లండ్ 2016లో మొత్తం పథకాన్నే తీసేసి, చుట్టుపక్కల ప్రాక్టీసులు కలిసి కూర్చుని తమ లెక్కలు తామే చూసుకునే పద్ధతి పెట్టుకుంది.

వేల్స్‌లో గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగనుల పల్లెలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే జీపీ ఉండేవారు. ఊళ్లో పెద్దవాళ్లందరికీ పట్టుబట్టి బీపీ చూశారు. క్యూఓఎఫ్ రావడానికి చాలా ఏళ్ల ముందు. ఆయన దగ్గర ఉన్నది జాబితా, ఓపిక.

కాబట్టి నా మాట: ఓపీ బోనస్ తీసేయించు, అందులో సందేహం లేదు. బదులుగా జీతం పెంచమను. నాణ్యత బోనస్ పెట్టాల్సొస్తే చిన్నదే పెట్టు. షుగర్ ఎంతకి దిగిందన్నదానికి డబ్బు కట్టకు. మందు కొనలేనివాణ్ణి డాక్టర్లు వదిలించుకుంటారు. ఇక్కడ అందుకే, మూడుసార్లు పిలిచినా రానివాళ్లని లెక్కలోంచి తీసే వీలు ఇచ్చారు. పాదం చూశారా, అదే డాక్టరు చూశారా, అవి లెక్కపెట్టండి.

పల్లె సీహెచ్‌ఓ:
నమస్తే సార్. నేను పల్లె ఆరోగ్య కేంద్రంలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ని (సీహెచ్‌ఓ). మాకు నెలకు 25 వేలు జీతం, పైన పని సూచికలను బట్టి 15 వేల వరకు ఇన్సెంటివ్. ఇన్సెంటివ్ వచ్చాక స్క్రీనింగ్ పెరిగిన మాట నిజమే. కానీ సాయంత్రమంతా యాప్‌లో ఎంట్రీలే. సిగ్నల్ లేక మేడ ఎక్కి చేసిన రోజులున్నాయి. ఇంటికెళ్లి మంచాన పడ్డ ముసలమ్మకి గంటసేపు పుండు కడిగితే ఎంట్రీ ఒక్కటే. ఎంట్రీ ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి సార్. డాక్టరే చేస్తే ఆ టైమ్ పేషెంటుదే పోతుంది.

బెజవాడ డాక్టర్:
మేడమ్, అది నాకు తట్టనే లేదు. ఎంట్రీకి మనిషిని అడుగుతాను. అన్నా, రేపటి నుంచి మూడు క్లినిక్‌ల షుగర్ పేషెంట్ల జాబితా రాయిస్తున్నాను. బోనస్ సంగతి దాని తర్వాతే. ఆ నైలాన్ పోగు ఒకటి సరిపోతుందా?

ఇంగ్లండ్ జీపీ:
కనీసం రెండు తీసుకో. వరసగా పదిమందికి వాడాక ఒక రోజు పక్కన పెట్టాలి, లేకపోతే ఒత్తిడి తేడా వస్తుంది. ఆనె కాయలున్న చోట ఆనించొద్దు. మడమ పుండు ఆయన ఎలా ఉన్నారో రాయి.